వెర్డీ పొరల కేకు, మూడాకుల తీగ

డ్రై ఫోర్క్ లోయలో ఎవరి వంట ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు. చర్చి ఆవరణలో పొడుగుబల్లల మీద గిన్నెలు వరసగా పెట్టాక ఏది ముందు ఖాళీ అవుతుందో చూస్తే చాలు. డెల్ఫియా వేయించిన కోడి, పాస్టరు ఆమెన్ అనేలోపు ఎముకలై మిగులుతుంది. పాస్టరు భార్య చేసే చిక్కుడుగింజల కూర రాళ్ళలా ఉన్నా సరే, చేసింది పాస్టరు భార్య గనక అదీ అయిపోతుంది. బల్ల చివర, ఈగల్ని తోలే దిక్కు కూడా లేని చోట, ఆరు పొరల యాపిల్ కేకు ఒకటి ఉంటుంది. అది ఎలా వచ్చిందో అలాగే ఇంటికి వెళ్ళిపోతుంది. అది వెర్డీ నేపియర్ చేసిన కేకు.

కేకులో వంక పెట్టడానికేం లేదు. వెర్డీ వేసవిలో యాపిల్ ముక్కల్ని రేకు కప్పు మీద ఆరబెడుతుంది. అక్టోబరు వచ్చాక వాటిని నానేసి, దాల్చినచెక్క వేసి గుజ్జుగా ఉడికిస్తుంది. తీపి జొన్నకాడల రసం కాచి చేసిన జొన్నపాకం కలిపిన పిండితో పల్చటి రొట్టెలు కాల్చి, రొట్టెకీ రొట్టెకీ మధ్య ఆ గుజ్జు పూసి, పైన గుడ్డ కప్పి మూడు రోజులు కదపకుండా వదిలేస్తుంది. ఆ కేకు ఎంత ఊరితే అంత రుచి. ఆ రుచి మాత్రం ఏటా ఆమె కుక్క జడ్జికే దక్కుతోంది. ఆ పేరుతో ఆ ఇంట్లో ఇది మూడో కుక్క. మూడూ ఆ కేకు తిని ఒళ్ళు చేసినవే.

వెర్డీకి పెద్ద పెద్ద కోరికలు లేవు. అరవై మూడేళ్ళొచ్చాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. చచ్చేలోగా చర్చి వాళ్ళలో ఒక్కరైనా, నలుగురూ చూస్తుండగా, తమంతట తాము ఆమె కేకులో ఒక ముక్క అడిగి తినాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె మనసులో ఉన్నది అదొక్కటే, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఎందుకు తినరంటే, ఆమె చేతులు మూడాకుల తీగని పీకే చేతులు గనక.

ఆ తీగని పుస్తకాల్లో పాయిజన్ ఐవీ అంటారు, లోయలో మూడాకు అంటారు. ముట్టుకుంటే దాని నూనె ఒంటికి అంటి, రెండు మూడు రోజులకి ఒళ్ళంతా బొబ్బలు, దురద. లోయలో పిల్లా పెద్దా అందరికీ దాని గురించి ఒక పాఠం వచ్చు: మూడాకులుంటే ముట్టకు. అక్కడితో వాళ్ళ చదువు పూర్తయింది. మధ్య ఆకుకి కాడ పొడుగ్గా ఉంటుందని, పక్క ఆకులకి బొటనవేలు లాంటి మొన ఒకటి పొడుచుకొస్తుందని, పళ్ళు తెల్లగా ముత్యాల్లా ఉంటాయని వాళ్ళకి పట్టదు. వసంతంలో లేత ఎరుపు, వేసవిలో నిగనిగలాడే పచ్చ, చలి తగలగానే నిప్పులాంటి ఎరుపు, చలికాలంలో అసలు ఆకే లేకుండా చెట్టుకి అంటుకున్న వెంట్రుకల తాడు. ఇన్ని వేషాల్లోనూ అది అదే. ఈ సంగతి వెర్డీకి తెలుసు. మిగతా వాళ్ళకి దురద మొదలయ్యాక తెలుస్తుంది.

ఆమె పని చేసే పద్ధతే వేరు. వాన వెలిసి నేల మెత్తబడిన రోజు చూసుకుని బయల్దేరుతుంది. రొట్టెల ప్యాకెట్ల ప్లాస్టిక్ సంచులు రెండేసి చొప్పున మోచేతుల దాకా తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసుకుంటుంది. వేరు చివరిదాకా లాగుతుంది, ఎందుకంటే జానెడు ముక్క మిగిలినా వచ్చే ఏడాదికి మళ్ళీ తలెత్తుతుంది. చెట్టెక్కిన లావుపాటి తీగని కిందికి గుంజదు. మొదట్లో నరికి, ఎక్కడిది అక్కడే ఎండనిస్తుంది. పీకిన దాన్ని దూరంగా గొయ్యి తీసి పాతేస్తుంది, చచ్చినా తగలబెట్టదు. ఆ పొగ పీలిస్తే దురద గొంతులోకి దిగుతుంది. పని అయ్యాక చన్నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు. చేతులు, మోచేతులు, పారపిడి, ఆఖరికి బూట్ల తాళ్ళు కూడా గుడ్డతో రుద్ది రుద్ది కడుగుతుంది. లోయలో ఆమె చేతులంత శుభ్రమైన చేతులు ప్రసవాలు చేసే మంత్రసానికి కూడా లేవు. కానీ ఆ మాట నమ్మేదెవరు?

ఈ పని ఆమె కోరి ఎత్తుకున్నది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె మొగుడు లైజ్ జూన్ నెలలో పోయాడు. కొండ మీద నేపియర్ల శ్మశానానికి దారి నిండా మూడాకు మోకాలెత్తున అల్లుకుని ఉంది. శవపేటిక మోయాల్సిన ఆరుగురు మగాళ్ళు దారి మొదట్లో ఆగిపోయారు. "ఇందులోంచి ఎలా వెళ్తాం వెర్డీ? రేపు మా పెళ్ళాం బిడ్డల గతేంటి?" అన్నారు. ఆ ఆరుగురిలో చర్చి వ్యవహారాలు చూసే డీకను ఓక్లీ సైజ్‌మోర్ ఒకడు. వెర్డీ వంటింట్లోకి వెళ్ళి రొట్టెల సంచులు చేతులకి కట్టుకుని, నల్లబట్టల్లోనే, మధ్యాహ్నం దాకా ఆ దారంతా పీకింది. తర్వాత వాళ్ళు లైజ్‌ని దర్జాగా మోసుకెళ్ళారు. దించి వచ్చాక అందరూ ఆమె ఇంట్లో భోజనానికి కూర్చున్నారు, అందరి గిన్నెలూ ఖాళీ అయ్యాయి. అంతకు మూడు రోజుల ముందు, మొగుడు లేచి తింటాడన్న ఆశతో ఆమె చేసిన కేకుని మాత్రం ఎవరూ ముట్టలేదు.

ఆ మర్నాటి నించీ ఆమెకి కబుర్లు రావడం మొదలైంది. మా అమ్మ సమాధి చుట్టూ ఉంది, కాస్త పీకి పెడతావా? బడి కంచె మీద పాకింది, వస్తావా? ఆమె వెళ్ళేది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, పని అయ్యాక మనుషులు రెండడుగులు వెనక్కి వేసేవారు. చర్చిలో ఆఖరి పాట పాడుతూ అందరూ తిరిగి ఒకరి చెయ్యి ఒకరు కలుపుకోవడం అక్కడి ఆచారం. వెర్డీ దగ్గరికి వచ్చేసరికి అందరి చేతులకీ పాటల పుస్తకం అడ్డొచ్చేది. తలలు ఊపి ముందుకి జరిగిపోయేవారు.

ఓక్లీ సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆరేళ్ళ కిందట అతనికి పత్రికలో చదివిన జ్ఞానం ఒకటి పుట్టింది. "మేకలు మూడాకు మేస్తాయంట, వెర్డీతో పనేముంది?" అని పొరుగూరి నించి పన్నెండు మేకల్ని తోలుకొచ్చి చర్చి వెనక వదిలాడు. మేకలు నిజంగానే పరమాన్నంలా మేశాయి. సాయంత్రం అతను ఒక్కొక్క మేకనీ చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని ట్రక్కెక్కించాడు. వాటి బొచ్చు నిండా ఆకునూనె. మేకలకి ఏమీ కాలేదు. ఓక్లీ పదిహేను రోజులు చొక్కా తొడుక్కోలేదు. ఆ రోజు గేటు తీసి పట్టుకున్నది వెర్డీ గనక, ఆమె చేతి వల్లే అంటుకుందని ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది.

ఈ ఏడాది చర్చికి నూరేళ్ళు నిండాయి. పండగ అక్టోబరు రెండో ఆదివారం. అలంకారం పెత్తనం డీకను భార్య డెల్ఫియాది. డెల్ఫియా, వెర్డీ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న వాళ్ళు. గురువారం డెల్ఫియా ఫోను చేసింది.

"ఏమే వెర్డీ, ఎలా ఉన్నావు? అదే, ఆదివారం గురించి. ఈసారి జనం బాగా వస్తున్నారే, లెక్సింగ్టన్ పట్నం నించి కూడా వస్తున్నారు. నువ్వు శ్రమ పడి వంటలవీ పెట్టుకోకు."

"శ్రమేముందే, కేకు నిన్నే చేసి ఊరబెట్టాను."

"అది కాదే. బల్ల మీద చోటు చాలదు. నువ్వు కాగితం పళ్ళాలు తీసుకురా చాలు. ప్యాకెట్లవి. విప్పకుండా తీసుకురా, ఏం?"

విప్పకుండా అన్న మాట వెర్డీ గుండెలో ముల్లులా దిగింది. ఫోను పెట్టేసి చాలాసేపు కేకు మీది గుడ్డ వంక చూస్తూ నిలబడింది. ఏడుపొచ్చింది, ఏడవలేదు. కాగితం పళ్ళాలు నాలుగు ప్యాకెట్లు కొంది. ఆదివారం పొద్దున వాటితో పాటు కేకు కూడా ట్రక్కులో పెట్టుకుని బయల్దేరింది.

చర్చి తలుపు తోసి ఒక అడుగు లోపల వేసి ఆగిపోయింది.

బెంచీల చివర్లన్నిటికీ ఎర్రటి ఆకుల దండలు. పాస్టరు నిలబడి ప్రసంగించే బల్ల చుట్టూ ఎర్రటి దండ. కిటికీల్లో ఎర్రటి గుత్తులు, మధ్య మధ్య ముత్యాల్లాంటి తెల్లటి పళ్ళు. డెబ్భై దాటిన పెద్దల గుండెల మీద తలా మూడాకులు, నాలుగు పళ్ళు పిన్నుతో గుచ్చి ఉన్నాయి. పాస్టరు టాల్మడ్జ్ కోటుకి అందరికన్నా పెద్ద గుత్తి. డెల్ఫియా కొప్పులో, చెవి వెనకగా, ఒక రెమ్మ. నిజం చెప్పాలంటే చర్చి అంత అందంగా నూరేళ్ళలో ఎప్పుడూ లేదు.

వెర్డీ గబగబా వెళ్ళి డెల్ఫియా మోచెయ్యి పట్టుకోబోయి, అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"డెల్ఫియా, ఇది ఎక్కణ్ణించి తెచ్చావే?"

"బావుంది కదూ! శ్మశానం వెనక ఎండిన చెట్టు మీద పాకి ఉంది. నిన్నంతా కూర్చుని మేం అయిదుగురం అల్లాం."

"ఇది మూడాకే."

డెల్ఫియా నవ్వింది. "పోవే. మూడాకు పచ్చగా ఉంటుంది, ఇది ఎర్రగా ఉంది. పైగా ఇది అయిదాకుల తీగ. మా పిన్ని ఇంటి గోడ మీద ఉండేది, దాంతో ఏమీ కాదు."

"లెక్కపెట్టు."

డెల్ఫియా కొప్పులోంచి రెమ్మ తీసి అందరి ముందూ లెక్కపెట్టింది. ఒక కాడకి ఉన్న మూడూ లెక్కపెట్టి, పక్క కాడ నించి రెండు అప్పు తెచ్చుకుని, "ఇదిగో, అయిదు!" అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళుంటారు. డెల్ఫియా పట్టిన తీగకి అయిదే ఆకులు.

"అది వేరే కాడే తల్లీ. మధ్య ఆకు కాడ చూడు, ఎంత పొడుగుందో. ఆ తెల్లపళ్ళు చూడు. అయిదాకుల తీగకి నల్లపళ్ళు కాస్తాయి."

అప్పటికి ఓక్లీ వచ్చాడు. డీకను గదా, తీర్పు చెప్పకుండా ఉండలేడు. "వెర్డీ అక్కా, మొన్న మంగళవారం మంచు పడింది. మంచు పడ్డాక విషం చస్తుంది. చిన్నపిల్లాడికి కూడా తెలుసు."

"ఆకు చస్తుంది ఓక్లీ, నూనె చావదు. ఎండిపోయిన తీగ ముట్టుకున్నా ఎక్కుతుంది."

"మేకల సంగతి మర్చిపోలేదు నేను," అన్నాడు ఓక్లీ, దానికీ దీనికీ సంబంధం ఏమిటో అతనికే తెలియాలి.

పాస్టరు టాల్మడ్జ్ మంచివాడే. మంచివాడు గనకే ఎటూ తేల్చడు. "సిస్టర్ వెర్డీ, పండగపూట ఇదంతా ఎందుకు? వాళ్ళు నిన్నంతా కష్టపడ్డారు. నీకీ పనిలో పేరుంది, మేం కాదనం. కానీ కనిపించిన ప్రతి తీగా నీ తీగే అనుకుంటే ఎలా చెప్పు?"

ఎవరో వెనక నించి కిసుక్కున నవ్వారు. "పిలవలేదని కోపం" అని ఒక గొంతు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని ఇంకో గొంతు. కంద ఎవరో, కత్తిపీట ఎవరో వారం తిరక్కుండా తేలింది.

వెర్డీకి ఒళ్ళు మండింది. ఈ పళ్ళాలు ఇక్కడ పడేసి ఇంటికి పోదామనుకుంది. పోలేదు. ట్రక్కులో ఎప్పుడూ ఉండే రెండు బకెట్లు, గిన్నెల సబ్బు తీసుకుని ఆవరణలో చేతిపంపు దగ్గర నీళ్ళు నింపి పెట్టింది. ప్రార్థన అయి జనం బయటికి వస్తుంటే, పంపు దగ్గర నిలబడి, "భోజనానికి ముందు చేతులు, మొహాలు చన్నీళ్ళతో రుద్ది కడుక్కోండి, ఇప్పటికైనా మించిపోయింది లేదు" అని అందరికీ చెప్పింది. అందరూ ఆమెని తప్పించుకుని, బకెట్లని తప్పించుకుని, సరాసరి కోడి దగ్గరికి వెళ్ళారు. హోబర్ట్ తాత ఒక్కడే ఆగాడు. ఆయనకి తొంభై ఒకటి, రెండు చెవులూ వినపడవు. తిండికి ముందు చేతులు కడుక్కోమంటోంది కాబోలు అనుకుని, గుండె మీది గుత్తి ఆమెకిచ్చేసి, కోటు విప్పి, మోచేతుల దాకా, మెడ దాకా శుభ్రంగా కడుక్కున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఆ రోజు శంఖం విన్నవాడు ఆ చెవిటివాడొక్కడే.

బల్లల మీద కూడా గిన్నెకీ గిన్నెకీ మధ్య ఎర్రటి దండ పరిచి ఉంది. దండకి చోటు దొరికింది గానీ కేకుకి దొరకలేదు. వెర్డీ కేకు ట్రక్కులోనే, గుడ్డ కిందే ఉండిపోయింది. ఆమె కూడా ట్రక్కు మెట్టు మీద కూర్చుని అందరూ తినడం చూసింది. డెల్ఫియా కోడి ఎముకలైంది. కాగితం పళ్ళాలు నాలుగు ప్యాకెట్లూ అయిపోయాయి. సాయంత్రం ఇంటికెళ్ళాక జడ్జి అలవాటుగా వచ్చి తోక ఊపింది. ఆ రోజు వెర్డీకి ఎందుకో కేకు దానికి వెయ్యబుద్ధి కాలేదు. గుడ్డ సర్ది అల్మరాలో పెట్టేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. డ్రై ఫోర్క్ వాళ్ళు ముందు ఆకులు పట్టుకుని తర్వాత చేతులు కాల్చుకున్నారు. సోమవారం దండలల్లిన అయిదుగురికీ వేళ్ళ సందుల్లో మొదలైంది. మంగళవారానికి ఊరందుకుంది. బెంచీ చివర చెయ్యి వేసి లేచిన వాళ్ళకి మణికట్టు మీద, పెద్దలకి సరిగ్గా గుండె మీద, డెల్ఫియాకి చెవి నించి మెడ మీదుగా భుజం దాకా. పాస్టరు ప్రసంగంలో ఆవేశం వచ్చినప్పుడల్లా బల్ల పట్టుకుని, ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ఆయన ఆవేశం ఎంత గొప్పదో బుధవారానికి మొహం మీద తెలిసింది, కళ్ళు రెండూ మూసుకుపోయాయి. ఇక ఓక్లీ. అతను దండలు కట్టి, చేతులు కడక్కుండా చెట్టు చాటుకి వెళ్ళొచ్చాడట. అతనికి ఎక్కడ వచ్చిందో డెల్ఫియా డాక్టరుకి మాత్రమే చెప్పింది. డాక్టరు ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, ఆయన నర్సు చెప్పింది.

డాక్టరు ఉన్నది ఇరవై ఆరు మైళ్ళ దూరంలో. ఆయనిచ్చిన గులాబిరంగు పూతమందు రెండు రోజుల్లో చుట్టుపక్కల షాపుల్లో అయిపోయింది. లోయంతా గులాబిరంగు మొహాలేసుకుని గోక్కుంటూ కూర్చుంది.

ఇంత జరిగినా మొదట వాళ్ళకి తోచిన మాట ఏమిటో తెలుసా? "ఆ కాగితం పళ్ళాల వల్లే. వెర్డీ చేతుల మీదుగా వచ్చాయి గదా" అంది డెల్ఫియా. రెండు రోజులు ఆ మాటే ఇల్లిల్లూ తిరిగింది. దాన్ని ఆపింది హోబర్ట్ తాత. బుధవారం పొద్దున పాస్టరింటికి పరామర్శకి వెళ్ళి, అక్కడ చేరిన వాళ్ళు గోక్కుంటూ అరిచి అరిచి చెప్తే విషయం విని, చొక్కా పైకెత్తి పొట్ట, చేతులు చూపించాడు. ఒక్క బొబ్బ లేదు.

"ఆ పళ్ళాల్లోనే నేనూ తిన్నాను కదర్రా. మూడుసార్లు వడ్డించుకున్నాను," అన్నాడు. "ఆ పిల్ల కడుక్కోమంది, కడుక్కున్నాను. మీరెందుకు కడుక్కోలేదు? నాకైతే చెవుడు."



ఆ మధ్యాహ్నమే వెర్డీ వాకిట్లో ట్రక్కులు ఆగడం మొదలైంది. ఏటి గట్టున నారింజరంగు పూలు పూసే నీరుకాడ మొక్క ఉంటుంది. వేసవిలో దాన్ని కోసి ఉడికించి, ఆ కషాయాన్ని వెర్డీ ఐసుముక్కలుగా గడ్డకట్టించి దాచుతుందని అందరికీ తెలుసు. బొబ్బల మీద రుద్దితే దురద లాగేస్తుంది. నిజంగా మొక్క మహిమో, ఐసు చల్లదనమో వెర్డీ కూడా ఒట్టేసి చెప్పదు. కానీ ఆ స్థితిలో మనుషులకి ఒట్లు అక్కర్లేదు.

పాస్టరుని భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఓక్లీ కాళ్ళు ఎడంగా వేసుకుంటూ వచ్చాడు. డెల్ఫియా మెడకి రుమాలు చుట్టుకుని అందరికన్నా వెనక నిలబడింది. పదిహేనుమంది దాకా ఉన్నారు.

వెర్డీ వరండాలోకి వచ్చి చూసింది. ఆదివారం నవ్విన మొహాలే, ఇప్పుడు గులాబిరంగులో ఉన్నాయి. ఆమెకి జాలి వేసింది, సంతోషమూ వేసింది. రెండోది దాచుకోలేదు.

"ఐసు ఉంది. అందరికీ సరిపోతుంది," అంది. "కానీ మా ఇంటికొచ్చిన వాళ్ళు ఏమీ తినకుండా పోతే నాకు బావుండదు."

లోపలికి వెళ్ళి కేకు తెచ్చి వరండా బల్ల మీద పెట్టింది. గుడ్డ తీసింది. వారం రోజులు ఊరి, పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని, జొన్నపాకం రంగుకి తిరిగి ఉంది. కత్తితో ముక్కలు కోసి వరసగా పేర్చింది.

"ముందు ఇది. తర్వాత అది."

"వెర్డీ అక్కా..." అన్నాడు ఓక్లీ.

"ఏం ఓక్లీ? నా చేతుల నించి నీకు కొత్తగా అంటుకునేది ఇంకేమైనా మిగిలిందా?"

మిగల్లేదని అతని నడకే చెప్తోంది. అతనే ముందుగా వచ్చి, మందు మింగే పిల్లాడిలా కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచాడు. మిగతాది నెమ్మదిగా నమిలాడు. పాస్టరుకి భార్య చేతిలో పెట్టింది, కళ్ళు కనపడకపోయినా ఆయన వేళ్ళు నాకడం అందరూ చూశారు. ఒక్కొక్కళ్ళే వచ్చి ముక్క తిని, ఐసు గిన్నె పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళారు.

వెర్డీ చూస్తూ నిలబడింది. ఇరవై రెండేళ్ళుగా కోరుకున్నది కళ్ళముందు జరుగుతోంది, కడుపు మాత్రం నిండలేదు. ఐసు కోసం తిన్నారు. మెడ మీద కత్తి పెట్టి తినిపించినట్టే. దీనికన్నా జడ్జి నయం, అది ఇష్టంగా తినేది. ఆ మాట మనసులో అనుకునేసరికి ఆమెకి సిగ్గేసింది.

ఆఖర్న డెల్ఫియా వచ్చింది. ముక్క తీసుకుంది. కొరికింది. నమలడం మధ్యలో ఆపి వెర్డీ వంక చూసింది. మళ్ళీ నమిలింది. ముక్క అయిపోయింది. వెర్డీ ఐసు గిన్నె అందించింది. డెల్ఫియా గిన్నె తీసుకుని, మెట్ల దాకా వెళ్ళి, ఆగింది.

"ఇంత బాగా చేస్తావని ఎప్పుడూ చెప్పలేదేమే?"

"ఇరవై రెండేళ్ళుగా బల్ల చివర పెట్టి చెప్తూనే ఉన్నానే."

డెల్ఫియా తల వంచుకుంది. చెవి ఎర్రగా ఉంది, సిగ్గుకో దురదకో తెలీదు. మెట్ల కింద ట్రక్కుల దగ్గర జనం ఇంకా వెళ్ళలేదు, అందరూ ఇటే చూస్తున్నారు. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలి ఉంది. జడ్జి బల్ల కింద చేరి దానికోసం కాచుకుని ఉంది.

డెల్ఫియా ఐసు గిన్నె మెట్టు మీద పెట్టి వెనక్కి వచ్చింది. "ఇంకో ముక్క పెట్టవే," అంది, కింద ఉన్న వాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా. అని, బొబ్బలెక్కిన చెయ్యి పళ్ళెం మీదికి చాచింది.

వెర్డీ పళ్ళెం తన వైపుకి లాక్కుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పెడతాను," అంది. "ముందు వెళ్ళి చేతులు కడుక్కుని రా."

డెల్ఫియా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత మెట్లు దిగి, అందరి ముందు నించి నడిచి, వాకిట్లో వెర్డీ చేతిపంపు దగ్గరికి వెళ్ళి సబ్బు తీసుకుంది. వెర్డీ ఆ ముక్కని శుభ్రమైన పళ్ళెంలోకి మార్చి, ఆమె వచ్చేదాకా చేత్తో పట్టుకుని నిలబడింది.